సరంగు గారి ఎడమ పక్క

ఏప్రిల్ 19, శనివారం

నిన్న జరిగింది రాసి పెట్టుకోవాలి. లేకపోతే పదిమందీ పది రకాలుగా చెప్పి, చివరికి నాక్కూడా వాళ్ళు చెప్పిందే గుర్తుండిపోతుంది.

పొద్దున్న ఏడూ నలభై ట్రిప్పు. హార్బరు అవతల బాంబూఫ్లాట్ నుంచి ఇవతల చాథంకి, గవర్నమెంటు పాసింజరు బోటు. ఆఫీసులకి పోయేవాళ్ళు, స్కూటర్లు, చేపల బుట్టలు, అంతా మామూలే. చాథం జెట్టీకి బోటుని ఎడమ పక్కగా చేర్చి కట్టాలి. చేరుస్తున్నాను. ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో అప్పలరాముడు తన డోంగీ వేసుకుని జెట్టీకీ నాకూ మధ్యన దూరాడు. చిన్న పడవ, ముక్కు పగిలింది. అప్పలరాముడు నీళ్ళలో పడి, ఈదుకుంటూ మెట్లెక్కి, బట్టలు పిండుకుంటూ నా తాతముత్తాతల దాకా తిట్టాడు. ముప్ఫై రెండేళ్ళుగా సరంగు పని చేస్తున్నాను. జెట్టీ మీద నిలబడి నన్ను తిట్టిన మొదటి మనిషి వాడే.

ఎండ కంట్లో పడింది. ఆఫీసులో అదే రాసిచ్చాను. నిన్న మబ్బుగా ఉంది కదా అన్నాడు గోపినాథ్. నా కింద పనిచేసే రెండో సరంగు వాడు. వాతావరణ శాఖలో ఉద్యోగం చూసుకోరా అని చెప్పాను.

మా ఆఫీసరు మనోజ్ గారు మంచివారు, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. రెండు వారాలు సెలవు పెట్టమన్నారు. మే ఐదున మెడికల్ బోర్డు. "ఫార్మాలిటీ గణపతిగారూ, చార్టు చదివేసి వచ్చేయండి" అన్నారు. చార్టుదేముంది, అడుగు వరస కూడా చదువుతాను, దాని కింద అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా చదువుతాను. చార్టు ఎప్పుడూ ఎదురుగానే వేలాడదీస్తారు.

కంటి డ్రాప్స్ పొద్దున్నా సాయంత్రం మానకుండా వేస్తున్నాను. ఎలర్జీ అని మా ఆవిడ బేబీరాణికి చెప్పి రెండేళ్ళయింది. వైజాగ్‌లో ఆ కుర్ర డాక్టరు నీటికాసులు అన్నాడు. ఎడమ కంటికి పక్కచూపు పోయింది, పోయింది ఇక రాదు, ఉన్నది నిలుపుకోవాలి అన్నాడు. డ్రైవింగ్ చేస్తారా అని అడిగాడు. లేదన్నాను. అందులో అబద్ధం లేదు. నాకు సైకిలు తప్ప ఏదీ రాదు. నేను నడిపేది బోటు.


ఏప్రిల్ 20, ఆదివారం

ఇంట్లో ఉండడం ఇదే మొదలు. బేబీరాణి స్టూళ్ళూ బకెట్లూ అన్నీ దారికి ఎడమ పక్కనే పెడుతుంది. మోకాలు వాచింది.


ఏప్రిల్ 22, మంగళవారం

వాసవి మేడమ్ ఫోన్ చేశారు. మనోజ్ గారి భార్య. ఏటా వేసవి సెలవుల్లో సిప్పీఘాట్‌లో ఖాళీగా ఉండే హాస్టలు బిల్డింగులో పది రోజుల శిబిరం పెడతారు. వికలాంగులకా అన్నాను. దివ్యాంగులు అనాలి అన్నారు. పాపం అన్నాను. పాపం అనకూడదు అన్నారు. సాయం చేస్తానన్నాను. సాయం కాదు, తోడుండడం అన్నారు. ఆవిడతో మాట్లాడితే నోరు తెరవడానికే పర్మిషన్ తీసుకోవాలనిపిస్తుంది.

వాలంటీరుగా వస్తానని ఒప్పుకున్నాను. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం. తన భార్య దగ్గర పది రోజులు చాకిరీ చేసినవాణ్ణి మనోజ్ గారు మెడికల్ బోర్డు ముందు గాలికొదిలేస్తారా? ఈ ఆలోచన నాది కాదు. ఎవరికైనా రావచ్చని రాస్తున్నాను.


ఏప్రిల్ 24, గురువారం

ప్రారంభోత్సవం పదిన్నరకి అన్నారు. ముఖ్య అతిథి పన్నెండుంపావుకి వచ్చారు. అప్పటిదాకా శిబిరానికొచ్చిన నలభై ఇద్దరినీ ఎండలో వరసగా కూర్చోబెట్టాం. టోపీలు ఉన్నాయి. అయితే అవి ముఖ్య అతిథి చేతుల మీదుగా ఇవ్వాలి కాబట్టి డబ్బాలోనే ఉన్నాయి. ఆయన వచ్చి, ఎండలో చెమటలు కక్కుతూ ఓర్పు గురించి మాట్లాడి, టోపీలు పంచి, తనూ ఒకటి పెట్టుకుని వెళ్ళిపోయారు.

వాలంటీర్లం ఇరవై ఆరుగురం. పసుపు చొక్కాలిచ్చారు. యాభై దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. తక్కినవాళ్ళు కాలేజీ పిల్లలు, ఎవరి ఫోన్లో వాళ్ళు ఫొటోలు దిగుతున్నారు. ఒక్కొక్కరికీ ఒకరిద్దరు మనుషుల్ని అప్పగించారు. నాకు పైడిబాబు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. బాంబూఫ్లాట్‌లో ఉంటాడు. పుట్టుగుడ్డి. రోజూ బోటు మీద ఇవతలికొచ్చి జంగ్లీఘాట్‌లో చిరిగిన వలలు బాగుచేస్తాడట. మా బోటు మీదే వస్తాడన్నమాట. నేను పైన చక్రం ఉండే గదిలో, వీల్‌హౌస్‌లో ఉంటాను కాబట్టి నా గొంతు ఎరగడు. ఏం చేస్తారని అడిగితే గవర్నమెంటు అన్నాను.

దారి చూపిద్దామని చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు.

"బాబాయ్, నువ్వు నా సెయ్యి పట్టుకుంటే నన్ను తోసుకుపోతన్నట్టు ఉంటాది. నేనే నీ మోచెయ్యి పట్టుకుంటాను. నువ్వు అరడుగు ముందుండు, బస్."

అలాగే నడిచాం. వరండా మలుపులో ఎడమ పక్క స్తంభం ఒకటి నా భుజానికి తగిలింది. ఆ తర్వాత వాడు అరడుగు ముందు నడిచాడు.


ఏప్రిల్ 25, శుక్రవారం

పైడిబాబుకి నాతో ఏ పనీ లేదు. స్నానం తనే చేస్తాడు, పక్క తనే చుడతాడు, భోజనాల దగ్గర నా కంచంలోకి అప్పడం కూడా తనే వేశాడు. సేవ చేద్దామని వచ్చినవాడి గతి ఇలా ఉంటే ఎలా? వాసవి మేడమ్ ఫొటో కోసం వాడికి అన్నం కలిపి పెట్టమన్నారు. పైడిబాబు ఓపిగ్గా నోరు తెరిచాడు. ఫొటో అయ్యాక, "మళ్ళీ రేపు ఎన్ని గంటలకి తినిపిస్తావు బాబాయ్?" అన్నాడు. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చిట్టితల్లి అని పదమూడేళ్ళ పిల్ల ఉంది, చక్రాల కుర్చీలో. కాళ్ళు పనిచెయ్యవు, వాటి వాటా కూడా నోరే చేస్తుంది. మధ్యాహ్నం ఆ పిల్ల కుర్చీ మీద పడబోయాను.

"అరే అంకుల్! దేఖ్‌కే చలో! ఇంత పెద్ద కుర్చీ కనబడదా?"

ఎవరో దారిలో పెట్టారమ్మా అన్నాను. "ఎవరో కాదు, నేనే. నేను ఇందులోనే ఉన్నాను" అంది.


ఏప్రిల్ 26

డ్రాప్స్ సీసా శిబిరంలో మరిచిపోయాను. సాయంత్రం వెయ్యలేదు. ఒక్క పూటకి ఏమవుతుంది.


ఏప్రిల్ 27, ఆదివారం

ఇవాళ వాలంటీర్ల కళ్ళకి గంతలు కట్టారు. చూపు లేనివాళ్ళ కష్టం మనం అనుభవించాలట. ఎవరి జోడీ వాళ్ళని గ్రౌండు చుట్టూ తిప్పాలి. కాలేజీ పిల్లలు కెవ్వుకెవ్వుమని అరిచారు. ఒకమ్మాయి ఏడ్చింది, ఏడుస్తూ వీడియో తీయించుకుంది. పైడిబాబు మోచెయ్యి పట్టుకుని నేను నడిచాను. గట్టు ఎక్కాం, కాలవ దాటాం, పోకచెట్ల మధ్య నుంచి తిరిగొచ్చాం. కాలు ఎక్కడా తడబడలేదు.

గంతలు విప్పాక అందరూ "అబ్బ, వెలుగు!" అన్నారు. నేనూ అన్నాను.

పైడిబాబు నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "బాబాయ్, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. గంతలు కట్టుకున్నప్పుడు సక్కగా నడిసావు. గంతలు లేనప్పుడే గుద్దుకుంటావు. అదీ ఒక పక్కే. ఎందుకలగ?"

వయసు అన్నాను. "వయసు రెండు పక్కలా రావాలి కదా" అన్నాడు.

వాడికి నోరు ఎక్కువ. వలలు బాగుచేసుకునేవాడికి డాక్టరీ ఎందుకు?


ఏప్రిల్ 28, సోమవారం

రాయకూడదనుకున్నాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పొద్దున్న పైడిబాబు అందరికీ వల ముడి నేర్పాడు. జాలరి ఇంట పుట్టిన నాకే ఆ ముడి మరుపొచ్చింది, వాడు నా వేళ్ళు పట్టుకుని మళ్ళీ నేర్పాడు. ముళ్ళు వేస్తూ కబుర్లలో పడ్డాం. బోటు మీద రోజూ రాకపోకలు కష్టం కాదా అన్నాను. ఊరికే మాట కోసం అడిగాను, నా నోటి దురద.

"కష్టమేటి బాబాయ్, అలవాటే. ఎవరు నడుపుతున్నారో కాళ్ళకే తెలిసిపోద్ది. గోపినాథ్ భయ్యా కడితే బోటు రెండుసార్లు ఊగి ఆగుతాది. ఆ ముసలి సరంగు ఉన్నాడు సూడు, ఆయన బాంబూఫ్లాట్‌లో కుడి పక్క కడితే పువ్వు పెట్టినట్టు కడతాడు. అంత బాగా ఎవరూ కట్టలేరు. చాథంలో ఎడమ పక్క కడితే మాత్రం లెక్క లేదు. ముందు కొడతాడు, తరవాత ఆలోసిస్తాడు. మొదట్లో అప్పుడప్పుడు. ఈ ఏడాది రోజూ."

గాలి ఉండొచ్చు, పాటు పోటు ఉండొచ్చు, ఇంజను రివర్సు ఆలస్యంగా పట్టుకోవచ్చు, బోటు నడపడమంటే వల అల్లడమనుకున్నావా అని వాదించాను. అవతలివాడి తరఫున అంత గట్టిగా నేనెప్పుడూ వాదించలేదు.

"గాలి ఒక్క జెట్టీ దగ్గరే, ఒక్క పక్కే కొడతాదా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఆయనకి ఎడమ పక్క కనబడదు బాబాయ్. పక్కా. మొన్న అప్పలరాముణ్ణి గుద్దేసిన రోజు నేను బోటులోనే ఉన్నాను. వాడు అరుస్తూనే ఉన్నాడు, దూరం నుంచి. ఇంజను తగ్గలేదు."

అప్పలరాముడు అరిచాడని నాకు తెలియదు. ఇంజను మోతలో వినబడలేదు.

"అంత తెలిసినవాడివి ఆఫీసులో చెప్పకపోయావా?" అన్నాను.

"ఏమని సెప్పమంటావు? సరంగుకి కళ్ళు లేవని గుడ్డోడొచ్చి కంప్లైంటు ఇచ్చాడని నవ్వుతారు. మళ్ళీ రోజూ అదే బోటు ఎక్కాల."

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. నా ముళ్ళన్నీ జారిపోయాయి. వాడు తడిమి చూసి, మళ్ళీ మొదట్నుంచి వేయమన్నాడు.


ఏప్రిల్ 29, మంగళవారం

వేరే మనిషిని ఇమ్మని వాసవి మేడమ్‌ని అడిగాను. పైడిబాబుకి ఏ సాయమూ అక్కర్లేదు కాబట్టి నా సేవ వృథా అవుతోందని చెప్పాను. ఆవిడ చాలా సంతోషించారు. చిట్టితల్లిని ఇచ్చారు.

చిట్టితల్లి నన్ను ఒక్క క్షణం కూర్చోనివ్వదు. మామిడిచెట్టు దాకా తొయ్యి, ఇప్పుడు వెనక్కి, గుంట, గుంట, ఎడమ పక్క గుంట! ఆ పిల్ల చెబుతుంటే కుర్చీ ఎక్కడా తగల్లేదు. అసలు నాకు కావలసింది ఇలాంటి మనిషి ఒకరు పక్కన ఉండడమే. బోటు మీద తాళ్ళు కట్టే లస్కర్లలో ఎవడినైనా వీల్‌హౌస్‌లో ఎడమ పక్క నిలబెట్టుకుంటే సరిపోతుంది. ఇంత చిన్న విషయానికి ఉద్యోగం మానేస్తారా? రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుంది.

ఆ పిల్ల బోటెక్కితే కుర్చీని ఇంజను పక్కన, స్కూటర్ల మధ్య కడతారట. బోటు మీద నుంచి సముద్రం ఎప్పుడూ చూడలేదట, వాసన మాత్రం చూసిందట. పైకి తీసుకెళ్ళి చక్రం పట్టుకోనిస్తావా అని అడిగింది. నాతో బోటు సంగతి ఎందుకు చెబుతున్నావమ్మా అన్నాను. "నువ్వు గవర్నమెంటు కదా" అంది.


ఏప్రిల్ 30, బుధవారం

మనోజ్ గారు శిబిరానికి వచ్చారు. ఎల్లుండి అందరికీ బోటు షికారు. చాథం నుంచి బాంబూఫ్లాట్, అక్కణ్ణించి హార్బరంతా తిప్పి మళ్ళీ చాథం. స్పెషల్ ట్రిప్పు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి మైకులో చెప్పారు, "మీతో వారం రోజులుగా కలిసి తిరుగుతున్న మన గణపతిగారే ఆ బోటు నడుపుతారు. మా డిపార్ట్‌మెంట్‌లో సీనియర్ సరంగు!"

చిట్టితల్లి ఈల వేసింది.

పక్కకి పిలిచి నాతో మాత్రమే అన్నారు, "సెలవులో ఉన్నా ఆర్డరు నేను వేయిస్తాను. ఈ పిల్లలతో ఫొటో, పేపర్లో వార్త. సోమవారం బోర్డువాళ్ళు మిమ్మల్ని ప్రశ్న అడగడానికే మొహమాటపడతారు." ఎంత మంచి మనిషి! పోయినేడు నా ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం కూడా ఈయనదే.

పైడిబాబు కర్ర తాటిస్తూ నా దగ్గరికొచ్చాడు.

"నువ్వేనా" అన్నాడు.

అవునన్నాను. కర్ర తిప్పుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. అప్పలరాముడు నయం.


మే 1, గురువారం

పైడిబాబుని నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్నాడు.

నాకు తెలిసిన నీళ్ళు అన్నాను. ముప్ఫై రెండేళ్ళు అన్నాను. రేపు లస్కరుని ఎడమ పక్క నిలబెట్టుకుంటానన్నాను. మూడేళ్ళు గడిస్తే ఫుల్ పెన్షన్‌తో దిగిపోతానన్నాను. వాడు చొక్కా జాడించి, పిండి, దులిపి, తీగ మీద ఆరేసి, అప్పుడు మాట్లాడాడు.

"నువ్వు రేపు నడుపుతావా, నడపవా?"

"నువ్వు రాకు. కడుపు నొప్పని చెప్పు. నేను మేడమ్‌తో మాట్లాడతాను."

"నేనెందుకు రాను? వస్తాను. ఎడమ రెయిలింగ్ కాడ కూసుంటాను. నా పక్కన చిట్టితల్లి కుర్చీ కట్టమంటాను. కొడితే ముందు మాకే తగుల్తాది. నీ ఇష్టం బాబాయ్."

నేను వచ్చేశాను. వాడు వెనక నుంచి ఇంకా చల్లగా అన్నాడు, "డ్రాప్స్ మానకు. మొన్న నువ్వు మరిసిపోయిన సీసా నా పెట్టిలో ఉంది, తీసుకుపో."


మే 2, శుక్రవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

తొమ్మిదింటికి చాథం జెట్టీ మీద బ్యానరు కట్టారు. నలభై ఇద్దరు, వాళ్ళ తల్లులు, పసుపు చొక్కాలు, ఇద్దరు విలేఖరులు. గోపినాథ్ బోటు కట్టి ఉంచాడు. పైడిబాబు అన్నంత పనీ చేశాడు. ఎడమ రెయిలింగ్ దగ్గర బెంచీ మీద కూర్చుని, పక్కన చిట్టితల్లి కుర్చీని తాడుతో కట్టించాడు. ముడి తనే వేశాడు. చిట్టితల్లి నన్ను చూసి చెయ్యి ఊపుతోందని ఎవరో చెప్పారు. నాకు కనబడలేదు.

అంత దగ్గరగా ఉన్న పిల్ల.

మనోజ్ గారు మైకు నా చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. "నాకు ఎడమ పక్క చూపు లేదు. రెండేళ్ళయింది. దాచాను. ఈ బోటు నేను నడపకూడదు."

వెంటనే చప్పట్లు! ముందు వాసవి మేడమ్ కొట్టారు, తర్వాత పసుపు చొక్కాలన్నీ కొట్టాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ మైకు తీసుకున్నారు. "చూశారా, మా శిబిరం మనిషిని ఎలా మారుస్తుందో! గణపతిగారు వీళ్ళ బాధని తన బాధ చేసుకున్నారు. మనలో ప్రతి ఒక్కరికీ ఒక పక్క చీకటే!" మళ్ళీ చప్పట్లు. విలేఖరి నన్ను మళ్ళీ చెప్పమన్నాడు, ఈసారి బోటు వెనక కనబడేలా నిలబడి.

"మాట వరసకి కాదమ్మా, నిజంగానే కనబడదు" అన్నాను. "ఎంత వినయం" అన్నారు.

మనోజ్ గారికి మాత్రం అర్థమైంది. ముఖం తెల్లబోయింది. నా చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడు కాదు గణపతిగారూ. ఒక్క గంట. సోమవారం తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. పేపర్లవాళ్ళున్నారు" అన్నారు. చెయ్యి పట్టుకుని బోటు వైపు నడిపించారు. నేను నడిచాను. ఇది కూడా రాయాలి. చప్పట్ల మధ్య, ఆఫీసరు చెయ్యి పట్టుకుంటే, నేను నిచ్చెన దాకా నడిచాను. ఒక కాలు నిచ్చెన మీద పెట్టాను కూడా.

"సరంగు గారూ, నా సేతిలో ఏటుంది?" పైడిబాబు గొంతు. బెంచీ మీద నుంచి లేచి వచ్చినట్టున్నాడు. బోటంతా వినబడేలా అడిగాడు.

ముందుకి చూశాను. కుడి పక్క చూశాను. "నువ్వెక్కడున్నావు?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. చిట్టితల్లి ఒక్కతే అరిచింది, "అంకుల్, నీ పక్కనే! నీ చెవి దగ్గర కర్ర పెట్టాడు! తగిలేలా ఉంది!"

మెడ పూర్తిగా తిప్పాను. తెల్ల కర్ర నా ఎడమ కంటికి జానెడు దూరంలో ఉంది. దాని వెనక పైడిబాబు, వాడి వెనక నలభై మంది. ఒక తల్లి తన పిల్లాణ్ణి ఎత్తుకుని బోటు దిగిపోయింది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ లేచింది. చప్పట్లు కొట్టిన చేతులు ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉన్నాయి.

"గోపినాథ్, నువ్వు తీసుకో" అన్నాను. వాడు నా మొహం చూడకుండా పైకెక్కాడు. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కారు.

నేను కింద, పైడిబాబు పక్కన కూర్చున్నాను. ముప్ఫై రెండేళ్ళలో పాసింజరు బెంచీ మీద కూర్చోలేదు. గట్టి బెంచీలు, నడుం పట్టేస్తుంది. హార్బరు మధ్యలో నలుగురు లస్కర్లు చిట్టితల్లిని కుర్చీతో సహా పైకి మోశారు. రెండు నిమిషాలు చక్రం పట్టుకుందట. కింద నుంచి చూశాను. ఆ పిల్ల కుడికీ ఎడమకీ కూడా చూస్తూ పట్టుకుంది.

ఏడుపొచ్చింది. ఉద్యోగం కోసమే ఏడ్చాను. గొప్పలకి పోయి వేరే కారణం రాయను. పైడిబాబు నా మోచెయ్యి పట్టుకున్నాడు.


మే 3, శనివారం

ముగింపు సభ. నాకు ఉత్తమ వాలంటీరు షీల్డు ఇచ్చారు. వద్దన్నాను. ముందే పేరు అచ్చు వేయించేశామన్నారు. మనోజ్ గారు రాలేదు. పేపర్లో వార్త రాలేదు.


మే 4, ఆదివారం

రేపు పొద్దున్న తొమ్మిదిన్నరకి బోర్డు. చార్టు ఒక్కటే కాదు, పక్కచూపు కూడా చూడమని నేనే కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను.

బేబీరాణికి ఇవాళ చెప్పాను. పొద్దున్నంతా మాటలు కూడగట్టుకున్నాను. ఊళ్ళో ఎవరో చెబితే వినడం కన్నా నా నోటితో వినాలి కదా. చేప కోస్తోంది. పక్కన పీట వేసుకుని కూర్చుని, డ్రాప్స్ ఎలర్జీవి కాదని మొదలుపెట్టాను.

"నాకు తెల్సు" అంది, కత్తిపీట మీద నుంచి తలెత్తకుండా.

"ఏం తెలుసు?"

"ఎడమ కన్ను. రెండేళ్ళ కిందటే తెల్సు. నీతో బజారుకొస్తే ఏ పక్క నడుస్తానో ఎప్పుడైనా సూసావా?"

చూడలేదు. ఆ పక్క కాబట్టే చూడలేదు.

"ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"అడిగితే ఒప్పుకునేవాడివా? ఎండ అనేవాడివి." ముక్కలకి పసుపూ ఉప్పూ పట్టిస్తూ తనే అంది, "రెండేళ్ళుగా బాంబూఫ్లాట్‌లో మా సెల్లి ఇంటికి ఎందుకెళ్ళడం లేదనుకున్నావు? మోకాళ్ళన్నాను. మోకాళ్ళకేం రోగం. నీ బోటు ఎక్కాలంటే బయ్యం."

కోపం వచ్చింది నాకు. పరాయివాళ్ళు అనుకోవచ్చు, కట్టుకున్నది అనుకోవచ్చా? నా బోటు మీద నా పెళ్ళానికే నమ్మకం లేదు. గట్టిగా ఏదో అనబోయాను. అప్పుడు మరో మాట తట్టింది.

"మరి మీ చెల్లెలు? రోజూ ఎక్కుతుంది కదా, నా బోటే కదా?"

"దానికి సెప్పాను. కుడి పక్క నిలబడమని."

"అది ఇంకెవరికైనా చెప్పిందా?"

"దాని మొగుడికి, పిల్లలకి. ఎదురింటోళ్ళకి." చేతులు కడుక్కోవడానికి లేచింది. "అంతకన్నా ఎవరికి సెప్తాం? ఊరంతా సెప్తే నీ ఉద్యోగం ఉంటాదా?"

తను చేసింది నేను చేసిందే. పులుసు పెట్టింది, ఇద్దరం తిన్నాం.

ట్రిప్పుకి అరవై మంది ఎక్కుతారు. ఆ అరవైలో తెలిసినవాళ్ళు, తెలిసినవాళ్ళ చుట్టాలు, వాళ్ళ ఇరుగుపొరుగు అంతా కుడి పక్కనే నిలబడి వచ్చేవాళ్ళన్నమాట. ఎడమ రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఎవరికీ ఏమీ కానివాళ్ళు.